శోధకుని చేతి పనిముట్టు, యజమాని చేతి అనుమతి



ఈ ధర్మనిధి ఉపన్యాసమునకు మాణికేశ్వర్ నగర్‌ను వేదికగా ఎన్నుకొనిన నిర్వాహకులను ముందుగా అభినందించుచున్నాను. ఒక వైపున 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము, మరియొక వైపున జాతీయ పోషకాహార సంస్థయు, రసాయన సాంకేతిక సంస్థయు నెలకొనియున్న తార్నాక. ఈ రెండింటి నడుమ ఒదిగియున్న ఈ బస్తీని పెద్దవారు నేటికిని వడ్డెర బస్తీ అనియే పిలుచుచుందురు. బండపై ఉలి పెట్టుటకు ముందు దానిని సుత్తితో మెల్లగా తట్టి, వచ్చు ధ్వనిని బట్టి లోపలి పగులు ఎచట దాగియున్నదో చెప్పగలుగుట రాతిపనివారైన వడ్డెరల నేర్పు. నేను నేడు ప్రస్తావింపబోవు విద్యయు సారమున అట్టిదే. బండకు బదులుగా ఇచట బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ కార్యాలయములు నమ్ముకొనియున్న కంప్యూటర్ వ్యవస్థలు కలవు. ఎవరి స్మరణార్థము ఈ నిధి ఏర్పడినదో ఆ ఉపాధ్యాయుని గూర్చి మాటలాడుటకు నాకంటె అర్హులైనవారు, ఆయన శిష్యులు, ఈ సభలోనే పెక్కుమంది కలరు. ఆయన పేరున జరుగు ప్రసంగము వినినవారికి మరునాడు పనికివచ్చునదిగా ఉండవలెనని మాత్రము నేను నిశ్చయించుకొంటిని.

ఒక సంస్థ యొక్క కంప్యూటర్ వ్యవస్థలను, ఆ సంస్థ యజమానుల అనుమతితో, శత్రువు చూచు దృష్టితోనే చూచి, లోపములను ముందుగా కనుగొనుటకు ఉపయోగపడు ఓపెన్ సోర్స్ పనిముట్ల తారతమ్యము నేటి విషయము. ఇట్టి శోధనమున రెండు తరగతులు కలవు. నిర్ణీతమైన ఒక వ్యవస్థలో ఎన్ని లోపములు కలవో వెదకి పట్టిక వ్రాయుట పెనెట్రేషన్ టెస్టింగ్. ఖజానాను చేరుట వంటి ఒక లక్ష్యమును పెట్టుకొని, నిజమైన చొరబాటుదారుడు నడుచు మార్గమున నడచి, రక్షకులు తన రాకను పసిగట్టగలుగుదురో లేదో పరీక్షించుట రెడ్ టీమింగ్. ఈ పనిముట్ల గుణదోషములను వరుసగా ఏకరువు పెట్టినచో వినువారికి పేర్లు మిగులునే గాని వివేకము మిగులదు. కావున మన నగరముననే జరిగిన ఒక సంఘటనను ఎదుట నిలుపుకొని, దానిలోని ఒక్కొక్క ఘట్టమున ఏ పనిముట్టు ఏమి చెప్పియుండెడిదో విచారింతము.

2022 జనవరిలో, ఒక వారాంతమున, హైదరాబాదునందలి ఏ.పి. మహేశ్ సహకార పట్టణ బ్యాంకు నుండి 12 కోట్ల 48 లక్షల రూపాయలు అపహరింపబడినవి. ఆయుధముతో వచ్చినవాడు లేడు, తాళము పగులగొట్టినవాడు లేడు. నగర పోలీసు కమిషనరుగా ఉండిన సి.వి. ఆనంద్ అదే సంవత్సరము మార్చిలో పత్రికలవారికి వివరించిన ప్రకారము, ఈ దొంగతనమునకు బీజము అంతకు రెండు నెలల పూర్వమే, 2021 నవంబరులోనే పడినది. బ్యాంకు ఉద్యోగులకు మూడు దినములలో సుమారు రెండువందల మోసపు మెయిళ్లు వచ్చినవి. వారిలో ఇద్దరు వాటిని తెరచిరి. తెరచిన క్షణముననే వారి కంప్యూటర్లలో దూరము నుండి నడుపదగిన ఒక ప్రచ్ఛన్న ప్రోగ్రాము తిష్ఠ వేసినది. అచట నుండి చొరబాటుదారులు లోపలికి లోపలికి జరుగుచు, ఉన్నతాధికారము గల ఖాతాల పాస్‌వర్డులను సంగ్రహించి, ముందుగానే సిద్ధపరచుకొనిన కొన్ని ఖాతాల నిల్వలను పెంచి, ఆ సొమ్మును ఇతర బ్యాంకులలోని వందకు మించిన ఖాతాలకు, అచట నుండి మరి కొన్ని వందల ఖాతాలకు చెదరగొట్టిరి. సామాన్య ఉద్యోగి కంప్యూటరునకును ప్రధాన సర్వరునకును నడుమ సరియైన వేర్పాటు లేకుండుట, మోసపు మెయిళ్లను అడ్డగించు ఏర్పాటుగాని చొరబాటును గుర్తించు ఏర్పాటుగాని లేకుండుట, అత్యున్నతాధికారము గల ఖాతాలు అవసరమునకు మించి ఉండుట అను లోపములను పోలీసులు బయటపెట్టిరి. 2023లో రిజర్వు బ్యాంకు ఈ బ్యాంకుపై 65 లక్షల రూపాయల జరిమానా విధించినది.

ఇచట మనము నిలిచి ఆలోచింపవలసిన విషయ మొకటి కలదు. పట్టణ సహకార బ్యాంకులు పాటింపవలసిన సైబర్ భద్రతా నియమములను రిజర్వు బ్యాంకు 2018 అక్టోబరులోనే ప్రకటించినది; 2019 డిసెంబరు 31వ తేదీన వాటిని నాలుగు అంతస్తులుగా విభజించి విస్తరించినది. బ్యాంకుల సాంకేతిక విజ్ఞానమునకై 1996లో నెలకొల్పబడిన ఐ.డి.ఆర్.బి.టి. ఈ నగరమునందే, మాసబ్ ట్యాంకు వద్దనే కలదు. అనగా నియమము కలదు, విద్య కలదు, విద్వాంసులు కలరు. నియమమునకును వాస్తవమునకును నడుమ ఎంత దూరము కలదో కొలిచి చూపు అలవాటు మాత్రము లోపించినది. ఆ సొమ్ము కోటీశ్వరులది కాదు. సహకార బ్యాంకు అనగా చిన్న వర్తకులు, పింఛనుదారులు, జీతగాండ్రు నమ్మి దాచుకొను చోటు. ఆ నమ్మకము పట్ల నాకు గల గౌరవమే నన్ను ఈ విషయమునకు ఈడ్చుకొని వచ్చినది.

దొంగ చేసిన పనినే, దొంగ రాకమునుపు, బ్యాంకు అనుమతితో సజ్జనుడొకడు చేసి చూపవలెనను భావన క్రొత్తది కాదు. అమెరికా వాయుసేన కొరకు పాల్ కార్గర్, రోజర్ షెల్ అను ఇరువురు 1974లోనే మల్టిక్స్ అను ప్రసిద్ధ వ్యవస్థను ఈ రీతిగా శోధించి నివేదిక వ్రాసిరి. అయితే అట్టి విద్య చాలకాలము సైన్యముల గోడల నడుమనే ఉండిపోయినది. 1995 ఏప్రిలులో డాన్ ఫార్మర్, వీట్సే వెనెమా కలిసి సేటన్ అను శోధక ప్రోగ్రామును అందరికిని ఉచితముగా ఇచ్చినప్పుడు, దొంగలకు తాళపుచెవులు పంచిపెట్టుచున్నారని పెద్ద అలజడి పుట్టినది; ఫార్మర్ తన ఉద్యోగమునే కోల్పోయెను. అయినను ఊహించిన ప్రళయ మేదియు రాలేదు. లోపమును దాచియుంచినంతకాలము దాని సంగతి దొంగకు తెలియును, యజమానికి తెలియదు. వెల్లడించినచో ఇరువురకును తెలియును. ఓపెన్ సోర్స్ శోధకుల చరిత్ర అంతయు ఈ రెండవ స్థితినే ఎన్నుకొనుచు వచ్చినది.

ఇక మన బ్యాంకు కథలోని మొదటి ఘట్టమునకు వత్తము. రెండువందల మెయిళ్లలో రెండు ఫలించినవి. ఇట్టి పరీక్షను ముందుగా జరుపుటకు గోఫిష్ అను పనిముట్టు కలదు. జోర్డన్ రైట్ అను ఆయన గో భాషలో వ్రాసి, ఎమ్.ఐ.టి. లైసెన్సుతో అందరికిని ఇచ్చినది. ఒక చిన్న సర్వరుపై నడచును. పరీక్షా మెయిళ్లను పంపి, ఎవరు తెరచిరో, ఎవరు లంకెను నొక్కిరో, ఎవరు వివరములను నింపిరో లెక్క కట్టును. ఉద్యోగి నింపిన పాస్‌వర్డును భద్రపరుపక విడిచిపెట్టు సౌకర్యము దానిలో కలదు. ఆ సౌకర్యమును వినియోగింపని పరీక్షకుని నేను నమ్మను. నొక్కిన వారి పేర్లను గోడపై అంటించి అవమానించు కార్యాలయములో, తరువాతి సారి నిజముగా మోసపోయిన గుమాస్తా నోరు మెదపడు. నొక్కినవారి సంఖ్య కన్న, అనుమానము కలిగిన వెంటనే పై అధికారికి తెలియజేసినవారి సంఖ్యయే విలువైన కొలత. ఇన్ని మెయిళ్లు వచ్చినప్పుడు ఇద్దరు నొక్కుట మానవ సహజము. తక్కినవారిలో ఒక్కడైనను ఆ దినముననే హెచ్చరించు ఏర్పాటు లేకుండుట సంస్థాగత దోషము.

రెండవ ఘట్టము, గుమాస్తా కంప్యూటరు నుండి ప్రధాన సర్వరు వరకు గల దారి. ఈ దారిని చూపు పనిముట్లలో ఎన్‌మ్యాప్ మూలపురుషుని వంటిది. ఫ్యోడర్ అను కలము పేరు గల గోర్డన్ లయన్ 1997 సెప్టెంబరులో ఫ్రాక్ పత్రికయందు దీనిని ప్రకటించెను. ఒక కంప్యూటరు నుండి చూచినప్పుడు ఏయే సర్వర్లు కనబడుచున్నవి, వాటిలో ఏయే ద్వారములు తెరచియున్నవి, ఆ ద్వారముల వెనుక ఏ ప్రోగ్రాము పలుకుచున్నది అను మూడు ప్రశ్నలకు ఇది సమాధానము చెప్పును. బ్యాంకు శాఖలో ఒక మామూలు బల్లపై గల కంప్యూటరు నుండి దీనిని అనుమతితో నడిపియుండిన యెడల, కోర్ బ్యాంకింగ్ సర్వరు కనబడరాని చోట కనబడుచున్నదను సంగతి ఒక్క పూటలో తేలియుండెడిది. ఖర్చు శూన్యము. ఇంతకంటె చవకైన జాగ్రత్త మరియొకటి నాకు తెలియదు.

కనబడిన సర్వర్లలో తెలిసిన లోపములు కలవేమో వెదకుటకు ఓపెన్‌వాస్, న్యూక్లీ అనునవి రెండు విభిన్న స్వభావముల పనిముట్లు. ఓపెన్‌వాస్ విశాలము, నిదానము. వేలకొలది పరీక్షలను జరిపి పెద్ద నివేదిక నిచ్చును, అందులో నిజముగా ప్రమాదకరమైన పది విషయములను ఏరుటకు అనుభవజ్ఞుడు కావలెను. న్యూక్లీ ఇరుకైనదైనను వాడియైనది. చదువ వచ్చిన వారెవరైనను అర్థము చేసికొనదగిన యామల్ టెంప్లేట్లుగా దాని పరీక్షలు వ్రాయబడియుండును గనుక, ఈ పరీక్ష ఏమి చేయుచున్నదని బ్యాంకు అధికారి ప్రశ్నించినప్పుడు ఫైలును తెరచి చూపవచ్చును. నా మట్టుకు నేను ఈ పారదర్శకతకే ఎక్కువ మార్కులు వేయుదును. ఏడాది కొకసారి సమగ్ర శోధనమునకు మొదటిదానిని, క్రొత్త లోపము బయటపడిన దినమున తక్షణ పరీక్షకు రెండవదానిని వాడుట ఉచితము.

మూడవ ఘట్టమును గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలెను. ఏలయన చొరబాట్లలో అధికభాగము ఇచటనే జయించుచున్నవి. ఒక చిన్న ఉద్యోగి ఖాతాను చేజిక్కించుకొనినవాడు అత్యున్నతాధికారమును ఎట్లు చేరుచున్నాడు? ఆ గుమాస్తా కంప్యూటరుపై గత వారము సాంకేతిక సహాయకుడు లాగిన్ అయియుండును. ఆ సహాయకుడు సభ్యుడుగా ఉన్న ఒక గుంపునకు మరియొక సర్వరుపై అధికారము ఉండును. ఆ సర్వరుపై వ్యవస్థ నిర్వాహకుని ఖాతా మెదలుచుండును. విడివిడిగా చూచినప్పుడు ఈ అధికారములలో ఏదియు తప్పుగా కనబడదు. కలిపి చూచినప్పుడు అది రాజమార్గము. 2016లో డెఫ్‌కాన్ సమావేశమున ఆండీ రాబిన్స్, రోహన్ వజార్కర్, విల్ ష్రోడర్ వెల్లడించిన బ్లడ్‌హౌండ్ చేయునది ఈ కలిపి చూచుటయే. సంస్థ ఖాతాలను, అధికారములను నిర్వహించు మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్ డైరెక్టరీలోని వ్యక్తులను, గుంపులను, కంప్యూటర్లను బిందువులుగాను, అధికారములను గీతలుగాను గీసి, ఏ బిందువు నుండి శిఖరమునకు అతి సమీపమైన దారి ఏదో గ్రాఫ్ సిద్ధాంతము ననుసరించి చూపును. గణితశాస్త్ర విభాగములో పరీక్షకై చదివిన అతిహ్రస్వ మార్గము అను అధ్యాయము బ్యాంకు ఖజానాను కాపాడుటకు పనికివచ్చుట చూచి విద్యార్థుల కన్నులు విప్పారుట నేనెరుగుదును.

దీని ప్రత్యేకత మరియొకటి కలదు. చొరబాటుదారునికి కావలసినది ఒక్క దారి. రక్షకునికి ప్రతి దారియు తెలియవలెను. కాని వందల దారులు ఒకే ఇరుకు గుండా పోవుచున్నవని పటము చూపినప్పుడు, ఆ ఒక్క అధికారమును తొలగించి వందల దారులను మూయవచ్చును. కాబట్టి బ్లడ్‌హౌండ్‌ను నేను దాడి పనిముట్టుగా కన్న రక్షణ పనిముట్టుగానే బోధింపవలెనందును. అయినను దాని పరిమితిని దాచరాదు. కోర్ బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ తన లోపల తానే నిర్వహించుకొను ఖాతాలు, వాటి సూపర్ యూజర్ అధికారములు ఈ పటములోనికి తమంతట తాము రావు. మహేశ్ బ్యాంకు వంటి సందర్భమున వాటిని గూర్చి కాగితము, కలము తీసికొని, సంబంధిత అధికారి ప్రక్కన కూర్చుండి, ఈ ఖాతా ఎవరిది, ఎందుకు ఉన్నది, నేడు అవసరమా అని ఒక్కొక్కటిగా ప్రశ్నించుట తప్ప మార్గాంతరము లేదు. అది ఏ పనిముట్టును చేయని పని.

మెటాస్ప్లాయిట్ పేరు వినని విద్యార్థి ఉండడు. 2003లో హెచ్.డి. మూర్ పెర్ల్ భాషలో ఆరంభించి, తరువాత రూబీలోనికి మార్చిన ఈ పనిముట్టు 2009లో ర్యాపిడ్7 సంస్థ అధీనములోనికి వచ్చినను నేటికిని ఓపెన్ సోర్స్‌గానే నిలిచియున్నది. లోపము కలదని చెప్పుటకును, కలదని నిరూపించుటకును గల భేదమును అది తీర్చును. నడుచుచున్న బ్యాంకు సర్వరుపై దీనిని తొందరపడి ప్రయోగించినచో సర్వరు కూలి ఖాతాదారులు వీధిన పడుదురు. కావున దీని స్థానము మొదట ప్రయోగశాల, ఆ పిమ్మటనే క్షేత్రము.

ఇక రెడ్ టీములవారు కమాండ్ అండ్ కంట్రోల్ అని పిలుచు తరగతి. చొరబడిన కంప్యూటర్లను దూరము నుండి నడుపు ఈ పనిముట్లలో బిషప్ ఫాక్స్ సంస్థవారి స్లివర్, కోడీ థామస్ రచించిన మిథిక్ ప్రసిద్ధములు. మొదటిది స్థాపించుటకు సులభము. రెండవది పెక్కుమంది శోధకులు కలిసి పనిచేయుటకును, ఎవరు ఏ క్షణమున ఏ ఆజ్ఞ నిచ్చిరో నమోదు చేయుటకును మేలు. ఏ శోధనలోనైనను ఆ నమోదు ప్రాణప్రదము. రేపు ఏదైన చెడినప్పుడు శోధకుని వలన చెడినదా, అసలు దొంగ వలన చెడినదా అని తేల్చునది అదియే. అయినను ఒక చిన్న బ్యాంకు తన శోధనమును ఈ తరగతితో ఆరంభించుటను నేను సమర్థింపను. మొదటి మెట్టుననే తలుపులు బార్లా తెరచియున్నచోట ఇంతటి నైపుణ్య ప్రదర్శనము వలన నివేదికకు శోభ కలుగునే గాని బ్యాంకునకు రక్షణ కలుగదు.

దానికి బదులు నేను గట్టిగా సిఫారసు చేయునది రెడ్ కెనరీ సంస్థ 2017లో ఆరంభించిన అటామిక్ రెడ్ టీమ్. మైటర్ సంస్థ చొరబాటుదారుల పద్ధతులను వర్గీకరించి 2015లో లోకమునకు ఇచ్చిన అటాక్ అను పట్టిక నాధారముగా చేసికొని, పెక్కు పద్ధతులకు చిన్న చిన్న పరీక్షలను వ్రాసి ఉంచిరి. పరీక్ష జరుపుటకు కొన్ని నిమిషములు చాలును. పెక్కు పరీక్షలకు, జరిగిన పిమ్మట జాడలను తుడుచు ఆజ్ఞలు కూడ దానితోనే ఉండును. ఇది లోపమును వెదకదు. ఈ పద్ధతిని ఒకడు మా కంప్యూటరుపై ప్రయోగించినచో మా రక్షకుల తెరపై ఏమైన కనబడినదా లేదా అను ఒక్క ప్రశ్ననే అడుగును. మైటర్ వారిదే అయిన కాల్డెరా అట్టి పరీక్షలను గొలుసుగా కూర్చి తనంతట తాను నడుపును. విస్తారమైన సంస్థలకు అది తగినది. మహేశ్ బ్యాంకు కథలో రెండు నెలల పాటు లోపల ఒకడు తిరుగాడుచుండగా ఎవరికిని తెలియకుండుటయే అన్నిటికన్న బాధాకరమైన అంశము. ఆ మౌనమును ముందుగా పట్టియిచ్చునవి ఈ చిన్న పరీక్షలే గాని పెద్ద ఆయుధములు కావు.

ఉచితముగా దొరకుచున్నది గనుక ఓపెన్ సోర్స్ మేలు అని వాదించువారు సగమే చెప్పుచున్నారు. ఉచితము నేడు ఉండి రేపు పోవచ్చును. 1998లో రెనో డెరైసన్ ఆరంభించిన నెసస్ శోధకము ఏడేండ్లపాటు అందరిదిగా ఉండి 2005లో మూలము మూసివేయబడిన సాఫ్ట్‌వేర్‌గా మారినది. అయినను అప్పటివరకు బహిరంగముగా ఉన్న మూలము నుండియే ఓపెన్‌వాస్ మొలకెత్తినది. 2015లో వెలువడిన ఎంపైర్ అను పనిముట్టును దాని కర్తలు 2019లో విరమించుకొనగా, బి.సి. సెక్యూరిటీ వారు ఆ మూలమునే అందుకొని పెంచుచున్నారు. కర్త విడిచినను కృతి నిలుచుట, లోపలి వాక్యములను ఎవరైనను చదివి ఈ పనిముట్టు మన సొమ్మును మరియొక చోటికి చేరవేయుట లేదని నిశ్చయించుకొనగలుగుట, ఇవి వెలకన్న ముఖ్యములు. తన వ్యవస్థ లోపములన్నిటిని తెలిసికొను ఒక ప్రోగ్రామును లోపలికి రానిచ్చు బ్యాంకు, ఆ ప్రోగ్రామును చదువగలిగియుండవలెను.

ఇచట ఒక బలమైన ఆక్షేపణ కలదు, దానిని తప్పించుకొని పోరాదు. బెంజమిన్ డెల్పీ రచించిన మిమికాట్జ్, విండోస్ స్మృతిలో పాస్‌వర్డుల జాడలు ఎంత నిర్లక్ష్యముగా పడియున్నవో చూపుటకు పుట్టినది. 2017లో లోకమును గడగడలాడించిన హానికర ప్రోగ్రాము నాట్‌పెట్యా దానిని పోలిన ఉపాయముతోనే ఒక కంప్యూటరు నుండి మరియొక కంప్యూటరునకు ప్రాకినది. స్లివర్‌ను నేరస్థులు వాడుచున్నారని 2022 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ హెచ్చరించినది. ఈ పనిముట్లను బహిరంగముగా ఉంచుట వలన కొందరికి హాని కలిగినదను మాట సత్యము. కాని స్లివర్ వంటిదే అయి, వెల యిచ్చి కొనవలసిన కోబాల్ట్ స్ట్రైక్ దొంగ ప్రతులు కూడ నేరస్థుల చేతులలో కలవు. మూత వేసినంత మాత్రమున వారిని ఆపలేకపోయినాము. డెల్పీ బయటపెట్టిన పిమ్మట మైక్రోసాఫ్ట్ ఆ పాస్‌వర్డులు నిలుచు రీతినే మార్చవలసి వచ్చినది. హానిని అంగీకరించియే, లాభము అధికమని నేను తీర్మానించుకొంటిని.

పనిముట్టు ఏదైనను, శోధకుని దొంగ నుండి వేరుచేయునది అనుమతి. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 43వ సెక్షను యజమాని యొక్క గాని, బాధ్యుని యొక్క గాని అనుమతి లేకుండ కంప్యూటరులోనికి ప్రవేశించుటను తప్పుగా పేర్కొనుచున్నది. మోసపు బుద్ధితో చేసినచో 66వ సెక్షను ప్రకారము మూడేండ్ల వరకు కారాగారము, ఐదు లక్షల వరకు జరిమానా విధింపవచ్చును. మంచి ఉద్దేశముతో చేసితినని చెప్పుకొనుట విచారణలో పనికివచ్చునేమో గాని, తెల్లవారుజామున ఇంటి ముందు నిలిచిన పోలీసు వ్యానును వెనుకకు పంపదు.

మన నగరమున ఇది అనుభవమునకు వచ్చిన సత్యము. హైదరాబాదు సాంకేతిక నిపుణుడు హరిప్రసాద్ వేమూరు, మిచిగాన్ విశ్వవిద్యాలయపు అలెక్స్ హాల్డర్మన్, నెదర్లాండ్స్ దేశస్థుడు రాప్ ఖోంగ్రైప్ మున్నగువారు 2010లో భారతదేశపు ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రము నొకదానిని విప్పి పరీక్షించి, ప్రదర్శన బోర్డును మార్చుట ద్వారాను, స్మృతి చిప్పులకు ఒక చిన్న పరికరమును తగిలించుట ద్వారాను ఫలితములను తారుమారు చేయవచ్చునని చూపిరి. ఆ యంత్రములను తయారుచేయు రెండు సంస్థలలో ఒకటియైన ఇ.సి.ఐ.ఎల్. ఇచటికి అనతిదూరముననే కలదు. యంత్రమును ఎన్నికల సంఘము శోధనకై ఇచ్చినది కాదు. పేరు చెప్పుటకు ఇష్టపడని ఒకరి నుండి వచ్చినది. ఆ పేరును హరిప్రసాద్ బయటపెట్టలేదు. 2010 ఆగస్టు 21న పోలీసులు ఆయనను హైదరాబాదులో అరెస్టు చేసి ముంబయికి గొనిపోయిరి. వారము దినములకు బెయిలు దొరకినది. అదే సంవత్సరము ఆ పరిశోధన చికాగోలో ఏ.సి.ఎం. సమావేశమున సమర్పింపబడినది, అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషను ఆయనకు పయనీర్ పురస్కారము నిచ్చినది.

పరిపాలనా కట్టుబాట్ల వలన యంత్రములు సురక్షితములని ఎన్నికల సంఘము నిలకడగా చెప్పుచు వచ్చినది. కాగితపు రసీదును దశలవారీగా ప్రవేశపెట్టవలెనని 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించినది. ఆ వివాదములోని రాజకీయములోనికి నేను పోను. నన్ను కలచివేయునది వేరు. అనుమతి లేని శోధనమును చట్టము శిక్షించుట న్యాయమే. కాని అనుమతి అడుగుటకు తగిన తలుపు ఒకటి ఉండవలెను గదా! 2017 జూన్‌లో సంఘము బహిరంగముగా సవాలు విసరినప్పుడు కూడ యంత్రపు అంతర్భాగములను మార్చుటకు వీలు లేకుండెను. 2010లో చూపబడిన దాడియో, అంతర్భాగములను మార్చుటయే. ప్రధానమైన అనుమానమును పరిధి వెలుపల ఉంచిన పరీక్ష, మిగిలిన అనుమానములకు మాత్రమే సమాధానము చెప్పును. శోధన పరిధిని నిర్ణయించు ప్రతి యజమానియు, చిన్న బ్యాంకు కార్యదర్శి మొదలుకొని, ఈ ఉదాహరణమును ఎదుట ఉంచుకొనవలెను.

కాబట్టి అనుమతి పత్రమున ఏమి ఉండవలెనో చెప్పెదను. సంతకము చేయువానికి ఆ అధికారము నిజముగా ఉండవలెను. శాఖా మేనేజరు సంతకము ప్రధాన సర్వరునకు చెల్లదు. పెక్కు సహకార బ్యాంకులు కోర్ బ్యాంకింగ్ వ్యవస్థను మరియొక సంస్థ నుండి అద్దెకు తీసికొనును. అట్టిచోట ఆ సంస్థ లిఖితపూర్వకమైన సమ్మతి లేకుండ ఆ సర్వర్లను ముట్టరాదు. ఏ చిరునామాలు, ఏ తేదీలు, ఏ గంటలు, ఏవి నిషిద్ధములు అనునవి స్పష్టముగా వ్రాయవలెను. ఆపుమనగానే ఆపుటకు రాత్రింబవళ్లు పలుకు ఫోను నంబరు ఇరు పక్షముల నుండియు ఉండవలెను. ఖాతాదారుల సమాచారము కంటబడినచో ఎంతవరకు చూచుట, ఎట్లు నాశనము చేయుట అనునది ముందే తేల్చవలెను. శోధన జరుగుచుండగా అసలైన దొంగ జాడ కనబడినచో, శోధనను నిలిపి ఎవరికి తెలుపవలెనో అదియు వ్రాయవలెను; అట్టి సంఘటనను ఆరు గంటలలోపల కేంద్ర ప్రభుత్వపు సైబర్ అత్యవసర స్పందన సంస్థయైన సెర్ట్-ఇన్‌కు తెలుపవలసిన బాధ్యత 2022 ఏప్రిలు ఆదేశముల వలన సంస్థపై కలదు.

ఈ బస్తీ నుండి, ప్రక్కనున్న ఇంజినీరింగు కళాశాల నుండి వచ్చి ఇచట కూర్చుండిన యువకులకు ఒక మాట. ఇట్టి పనిముట్లను ఒక్కచోట కూర్చిన కాలీ లినక్స్‌ను దింపుకొనుట ఒక సాయంకాలపు పని. దానిలోని ఏ పనిముట్టునైనను పొరుగువాని వైఫైపై గాని, విశ్వవిద్యాలయపు ఫలితముల సర్వరుపై గాని ప్రయోగింపకుడు. డి.వి.డబ్ల్యు.ఏ., జూస్ షాప్, మెటాస్ప్లాయిటబుల్ అనునవి శోధింపబడుటకే బుద్ధిపూర్వకముగా లోపములతో నిర్మింపబడినవి. మీ స్వంత ల్యాప్‌టాపుపై, బయటి నెట్‌వర్కుతో సంబంధము లేకుండ వాటిని నడుపుకొని ఎన్ని రాత్రులైనను సాధన చేయవచ్చును. బ్యాంకుల శోధనము సెర్ట్-ఇన్ గుర్తింపు పొందిన ఆడిటర్ల పని. మీరు ఆ సంస్థలలో చేరినాడు, దొరకిన లోపముల సంఖ్యను గూర్చి గొప్పలు చెప్పుకొనక, మూసివేయబడిన లోపముల సంఖ్యను అడుగుడు.

ఆ సంఖ్య తెలియుటకు పునఃశోధనము కావలెను, దానికి సాధారణముగా ఎవరును డబ్బు కేటాయింపరు. మొదటి నివేదిక సమర్పించిన మూడు నెలలకు, అవే గోఫిష్ మెయిళ్ల రకమును, అదే ఎన్‌మ్యాప్ ఆజ్ఞను అదే బల్ల నుండి, అవే అటామిక్ పరీక్షలను అదే వరుసలో మరల జరిపి, రెండు ఫలితములను ప్రక్కప్రక్కన పెట్టవలెను. పనిముట్ల మూలము బహిరంగము గనుక, ఏ ప్రతి వాడితిమో, ఏ ఆజ్ఞ ఇచ్చితిమో వ్రాసి ఉంచినచో, మొదటి శోధకుడు ఊరు విడిచిపోయినను మరియొకడు అదే పరీక్షను అట్లే చేయగలడు. ఆ రెండు పత్రములును బ్యాంకు పాలకవర్గపు బల్లపైకి రావలెను. వాటిలోని రహస్య వివరములను తొలగించి, ఏమి మారినది, ఏమి మారలేదు అను భాగమును సర్వసభ్య సమావేశమున చదువవలెనని సభ్యులు కోరవచ్చును. సహకార బ్యాంకులో ప్రతి వాటాదారునకును ఆ సమావేశమున లేచి నిలిచి ప్రశ్నించు హక్కు కలదు.